మూడో చెంబు

కాశీ వెళ్లొచ్చినవాళ్లు సమారాధన చేస్తారు. తెచ్చిన గంగచెంబులకు పూజ చేసి, నలుగురికీ తీర్థమిచ్చి, అన్నం పెట్టి, అక్కడ ఇది చూశాం, ఇది వదిలేశాం అని చెప్పుకుంటారు. ఎవరు వంకాయ వదిలేశారో, ఎవరు జామపండు వదిలేశారో ఏడాదిదాకా మాట్లాడుకోవచ్చు. కానీ ఫ్రాన్సు దేశంలో ద్రాక్షసారా కాచే ఊరికి పడవ మీద వెళ్లొచ్చి సమారాధన చేసిన మొనగాడు మాత్రం యాంగాన్, అదే మన పాత రంగూన్, మొత్తానికి రామలింగం గారొక్కరే. ఆయనకి పబేడాన్‌లో మూడు తరాల పప్పుల దుకాణం ఉంది. కాశీ ఇదివరకే రెండుసార్లు చూశారు. అయితే కాశీ చూసినవాళ్లు ఆ వీధిలో ఇంకో పదిమంది ఉన్నారు కాబట్టి అందులో గొప్పేమీ మిగల్లేదు. ఆ ఫ్రాన్సు ఊరు, లిబూర్న్, చూసినవాడు లేడు. అందుకని కార్తీక మాసంలో మంచిరోజు చూసి, దుకాణం పైనున్న ఇంటికి నూట ఇరవై మందిని భోజనానికి పిలిచారు.

వంటకి దుర్గని పిలిచారు.

దుర్గది చిమిండైంగ్ పేట. బజారు వెనక సందులో ఇల్లు, గుమ్మం దిగి నాలుగడుగులు వేస్తే నది. పెళ్లిళ్లకీ నోములకీ వంట చేయడం ఆమె పని. ఒకప్పుడైతే రేవుకూలీల ఇంటి పిల్లని షావుకార్ల వంటింటి గడప కూడా తొక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు వందమందికి బూరెలు వండగలిగిన చెయ్యి ఊళ్లో దొరకడం కష్టమైంది, అందుకని మడి కొంచెం సర్దుకుంది. ఆమె మొగుడు ఢిల్లేశ్వరరావు. అంత పేరు పిలవలేక అందరూ ఢిల్లేసు అనేవారు. ఆరేళ్లుగా ఫ్రాన్సు నదుల మీద తిరిగే ఒక క్రూయిజు పడవలో, వంటింట్లో గిన్నెలు తోమేవాడు. బోటాటౌంగ్‌లో ఉండే ఏజెంటు కో టున్ చూపించిన పని అది. ఎనిమిది నెలలు అక్కడ, నాలుగు నెలలు ఇక్కడ.

సెప్టెంబరులో ఆ పడవ లిబూర్న్ రేవులో ఆగింది. తిరిగి బయలుదేరినప్పుడు ఢిల్లేసు అందులో లేడు. పారిపోయాడని కంపెనీ రాసేసుకుంది. కో టున్ ఒక సంచీ తెచ్చి దుర్గ చేతిలో పెట్టాడు. అందులో రెండు లుంగీలు, ఒక చెప్పుల జత, ఫోను ఉన్నాయి. పారిపోయేవాడు ఫోను వదిలేసి పోతాడా అని ఆమె అడిగింది. జాడ తెలియకూడదనుకున్నవాడు చేసే మొదటి పని అదే అన్నాడు కో టున్. ఇక ఊరికి అడ్డేముంది. ఢిల్లేసు అక్కడ ద్రాక్షతోటలో ఎవరో తెల్లామెతో కాపురం పెట్టాడన్నారు. ఆమెకి సొంత తోట ఉందని కొందరు, ఇద్దరు పిల్లలున్నారని కొందరు తలో చెయ్యీ వేశారు. దుర్గ బజారుకి వెళితే కూరలమ్మేవాళ్లు ఆమె మొహంకేసి కాకుండా మెడకేసి చూసేవారు, తాళి ఉందో లేదోనని.

ఆ వారం అదే పడవలో రామలింగం గారూ, ఆయన భార్య సీతాదేవీ ఉన్నారు. ఇది దైవికంగా జరిగింది కాదు. సింగపూరులో ఉన్న మేనల్లుడు టిక్కెట్లు కొంటానన్నప్పుడు రామలింగం గారే ఆ పడవని ఏరి కోరి చెప్పారు. ఉల్లిపాయ కూడా ముట్టని మనుషులు వారం రోజులు ఏం తిని బతకాలి? దుర్గ మొగుడు అందులో ఉన్నాడు, చారు మెతుకులకి లోటుండదు, అదీ ఆయన లెక్క. దుర్గ తన చేత్తో చారుపొడి కొట్టి, చింతపండుతో కలిపి పొట్లాలు కట్టి ఇచ్చింది. "షావుకారు వస్తన్నారు, ఏటడిగినా కాదనకు" అని మొగుడికి ఫోనులో చెప్పింది కూడా. ఆ మాట ఎందుకన్నానా అని ఈ రెండు నెలల్లో ఆమె తలుచుకోని రోజు లేదు.

వాళ్లు తిరిగొచ్చాక మూడుసార్లు వెళ్లి అడిగింది. మూడుసార్లూ రామలింగం గారు తొందరలో ఉన్నారు. "సమారాధన రోజున అన్నీ చెప్తానే, ఫొటోలు కూడా చూపిస్తాను" అన్నారు. సరేనని వంటకి ఒప్పుకుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ ఊళ్లో తీసిన ఫొటోల్లో ఎక్కడో ఒకచోట మొగుడు ఉండకపోడు. అతని మొహం చూడాలి. పందొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి, వదిలి వెళ్లిపోదామని మనసులో పెట్టుకుంటే ఆ మొహం తనకి తెలియకుండా పోదు. వెళ్లిపోయాడంటే ఆ ముక్క గుండె మీద పెట్టుకుని బతుకుతుంది. కాదంటే మాత్రం అతను ఏమయ్యాడో ఎవరో ఒకరు వెతకాలి.

తెల్లవారుతూనే అత్త నరసమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన ముసలమ్మ బుగ్గలకి బర్మావాళ్లు పూసుకునే తనకా చెక్క గంధం పూసుకుని, పండక్కి కట్టే చీర కట్టుకుని వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని అరిటాకులు తుడుస్తోంది. పక్కన ఒక చిన్న మందుసీసా, శుభ్రంగా కడిగింది.

"ఒలే దుర్గా, తీర్తం ఇచ్చినప్పుడు ఈ సీసాడు అడగాలే" అంది నరసమ్మ.

"ఎందుకత్తా?"

"నా కొడుకున్న ఊరి నీల్లు కదేటి. ఆడు అక్కడ ఆ నీల్లే తాగుతుంటాడు. నానూ కూసింత దేవుడి కాడ ఎట్టుకుంటాను."

"అడుగుదాం" అంది దుర్గ, శనగపిండి జారుగా కలుపుతూ. ముసలమ్మ నమ్మకం ఆమెకి ఒకపక్క కోపం తెప్పించేది, ఒకపక్క దాని నీడలోనే తనూ కాస్త ఊపిరి తీసుకునేది.

పదకొండింటికి పూజ అయింది. ఎర్రగుడ్డ మూతికి కట్టిన రాగి చెంబులు రెండు పీట మీద పెట్టారు. కరెంటున్నప్పుడే కానిచ్చెయ్యాలని రామలింగం గారి కూతురు హేమమాలిని తన ఫోనుని పెద్ద టీవీకి కలిపింది. జనం హాల్లో కిక్కిరిసి కూర్చున్నారు. దుర్గ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వంటింటి తలుపు దగ్గర నిలబడింది.

టీవీ మీద లిబూర్న్ వచ్చింది. తేనెరంగు రాతి ఇళ్లు, నది ఒడ్డున గుండ్రటి బురుజు, దాని మీద కోసుగా పెంకుల టోపీ. నాలుగు వైపులా కమానులున్న నడివూరి చావడిలో సంత, గంపల నిండా నల్లద్రాక్ష. ఏడొందలేళ్ల రేవు అన్నారు రామలింగం గారు, తానే కట్టించినట్టు. ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలన్నీ ఆ ఒడ్డు నుంచే ఓడలకెక్కేవట. పీపాలు దొర్లించడానికి వందలమంది కూలీలు ఉండేవారట. ఇప్పుడు ఓడలూ లేవు కూలీలూ లేరు, షికారు పడవలొక్కటే. ఈ ముక్కలు దుర్గకి కొత్త కావు. "మన బోటాటౌంగ్ రేవులాగే ఉంటాదే, అవే బురదనీల్లు, అదే పోటూ పాటూ. మా తాతలాటోల్లే అక్కడా మోసేరట" అని ఢిల్లేసు ఒకసారి ఫోనులో చెప్పాడు.

తర్వాతది సారా కొట్టు. రామలింగం గారు గ్లాసు పట్టుకుని ఉన్నారు.

"వాసన చూసి ఇచ్చీసినానండి, అంతే" అన్నారాయన.

తర్వాతి ఫొటోలో గ్లాసు ఖాళీగా ఉంది, ఆయన బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు, ఆ నవ్వు కోసమే ఫొటో తీసేయకుండా ఉంచినట్టు.

ముందు వరుసలో కూర్చున్న బాబ్జీ అనే బట్టల కొట్టాయన అందుకున్నాడు. "కాసీ ఎల్తే ఏదో ఒకటి వదిలీసి రావాల గదా. అక్కడ తమరు ఏటొదిలీసినారు షావుకారు?"

"నానేటి వదుల్తాను బాబ్జీ, డబ్బెట్టి ఎల్లినవోణ్ణి. వదిలినవోడు మన ఢిల్లేసుగాడు. పెల్లాన్నొదిలీసినాడు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. దుర్గ గుమ్మంలో ఉందని చూసినవాళ్లు మాత్రం కొంచెం తగ్గించి నవ్వారు. రెండు నెలలుగా తన వెనకాల తిరుగుతున్న మాట మొదట ఏ నోట పుట్టిందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఒళ్లు మండిపోయింది. అయినా కదలలేదు, ఆమె చూడాల్సింది ఇంకా రాలేదు.

అది వచ్చింది.

నదిలోకి దిగే రాతిమెట్లు. కింది మెట్టు మీద సీతాదేవి వంగి నీళ్లలో పసుపూ కుంకుమా వదులుతున్నారు. ఏ దేశంలో ఉన్నా నది నదే, కొత్త నదిని చూస్తే పసుపు కుంకుమ ఇవ్వకుండా ఆవిడ రాలేరు. పక్క మెట్టు మీద మూడు రాగి చెంబులు నీళ్లు నింపి వరసగా పెట్టి ఉన్నాయి. పైన ఢిల్లేసు నిలబడి ఉన్నాడు. చిమిండైంగ్ బజారులో దుర్గ కొన్న పసుపుపచ్చ గళ్ల చొక్కా వేసుకున్నాడు. చేతిలో సీతాదేవి చెప్పులు పట్టుకున్నాడు.

దుర్గ ఆ మొహం చూసింది. కనుబొమలు కొంచెం ముడిపడి ఉన్నాయి. ఆ ముడి ఆమెకి బాగా తెలుసు. ఆదివారం పూట చుట్టాలు వచ్చి ఎంతకీ లేవకపోతే, డ్యూటీకి వేళ మించిపోతోందని అతను పెట్టే ముడి అది. తిరిగి పనిలోకి వెళ్లాలన్న తొందర తప్ప ఆ మొహంలో ఇంకేమీ లేదు. వదిలిపోదామనుకున్నవాడు ఎవరి చెప్పులో చేత్తో పట్టుకుని నిలబడడు. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమెకి మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఆ వెనకే భయం వచ్చింది.

ఎందుకంటే నది పక్కన పుట్టినవాళ్లకి ఏ ఫొటోలోనైనా ముందు నీళ్లు కనబడతాయి. ఆ మెట్లు తొమ్మిది. పాటుకి నీళ్లు బాగా వెనక్కి తీసి ఉన్నాయి, కిందివాటి మీద బురద తడితడిగా మెరుస్తోంది. అలాంటి మెట్ల మీద కాలు ఎలా పెట్టాలో రేవుమనుషులకి తెలుసు. పోటు తిరిగే వేళకి అక్కడ ఉండకూడదని కూడా తెలుసు.

"ఇప్పుడు చూడండి, అల వస్తది" అంది హేమమాలిని.

అక్కడి నదిలో ఒక వింత ఉందని రామలింగం గారు చెప్పారు. సముద్రం పోటెత్తే వేళకి నీళ్లు ఒక్క గోడలా లేచి, నదికి ఎదురు వస్తాయి. అది చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పడవలు కూడా దాన్ని చూసుకునే బయలుదేరతాయి. పడవ పైఅంతస్తు నుంచి తనని తాను తీసుకున్న ఫొటో ఒకటి. ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఆయన భుజం వెనకాల, దూరంగా, అవే మెట్లు. ఫోను మీద హేమమాలిని వేలు కదిలింది. ఇంకో ఫొటో. అదే నవ్వు, చేయెత్తి బొటనవేలు చూపిస్తున్నారు. వెనకాల అల వెళ్లిపోయింది, నది ఒడ్డుదాకా నిండిపోయింది. హాల్లో చప్పట్లు కొట్టారు.

"సిన్నమ్మగారూ" అంది దుర్గ. అందరూ తలతిప్పి చూశారు. "ఒకటి ఎనక్కి తిప్పండమ్మా."

హేమమాలిని తిప్పింది. రామలింగం గారి భుజం వెనకాల, తొమ్మిది మెట్లలో నాలుగో దాని మీద, పసుపుపచ్చ చుక్కొకటి. కిందికి దిగుతోంది.

"ఇప్పుడు ముందుకి."

మెట్లు లేవు. పసుపుపచ్చ కూడా లేదు. రామలింగం గారు నవ్వుతూనే ఉన్నారు. అంతలో కరెంటు పోయింది.

జనం ఉసూరుమన్నారు, విసనకర్రల కోసం వెతుక్కున్నారు. జెనరేటరు వెయ్యమని కిందికి కబురు వెళ్లింది. దుర్గ వంటింట్లోకి వచ్చి, నూనె కింద మంట తగ్గించింది. తగ్గించకపోతే మాడిపోతుంది, ఆ సంగతి ఆమె చేతులకి గుర్తుంది. వెనకాల సీతాదేవి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. నరసమ్మ ఆకులు పట్టుకుని హాల్లోకి వెళ్లింది.

"సెంబులు మూడు గదమ్మా అక్కడ" అంది దుర్గ, ఆవిడకేసి తిరక్కుండానే. "ఇక్కడ రెండేటి?"

సీతాదేవి కొంగు భుజం మీదికి లాక్కున్నారు.

"మూడోది మా అమ్మది" అన్నారు. "అమ్మ పేరు చెక్కి ఉంటుంది దాని మీద. పడవెక్కి చూసుకుంటే రెండే ఉన్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఢిల్లేసు పడవ గుమ్మం దగ్గర మావాళ్లని లోపలికి ఎక్కిస్తున్నాడు. పరిగెట్టి తెచ్చీ నాయనా అన్నాను. టైము చూసుకున్నాడు. అయిదు నిమిషాలమ్మా, ఒచ్చీస్తాను అని ఎల్లాడు."

"ఎల్లాడు."

"నేను చూస్తూనే ఉన్నాను. దిగాడు, వంగాడు. అప్పుడే అల వచ్చింది, అందరూ అరుస్తున్నారు. మళ్లీ చూస్తే లేడు. పక్క నుంచి పైకెక్కేసి ఉంటాడులే అన్నారు ఈయన. అరగంట తర్వాత పడవ కదిలింది. ఆ రాత్రి మాకు చారు రాలేదు."

ఆ చారు మాట వినగానే దుర్గకి ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. "ఎవలూ అడగనేదా?"

"అడిగారు. ఆఫీసరొకాయన అందరినీ అడిగాడు. ఈయన చెప్పారు, ద్రాక్షతోటల్లో పని దొరుకుద్దా అని మా దగ్గర ఆరా తీసేవాడు అని."

"తీసేడా?"

"లేదు."

"మరి తమరేటన్నారు?"

"నేనేటంటాను" అన్నారు సీతాదేవి. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ మంచిమనిషని పబేడాన్‌లో ఎవరినడిగినా చెబుతారు, అది నిజమే. మంచితనం నోరు మూసుకుని కూర్చుంటే ఇంకొకరి మొగుడు పారిపోయినవాడవుతాడు, అంతే.

తలుపు తోసుకుని రామలింగం గారు వచ్చారు. "ఏటి ఇక్కడ, జనం ఆకలితో ఉన్నారు" అని, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయారు. తలుపు మళ్లీ వేశారు.

దుర్గ అరవలేదు. చేతులు జోడించింది. "ఒక్క మాట సెప్పండి బాబూ. కో టున్‌కి సెప్పండి, పని మీద మీరే పంపినారని. ఆల్లు అక్కడోల్లకి రాస్తారు. నీల్లల్లో ఎతుకుతారు. ఎక్కడో ఎవలికో దొరికే ఉంటాడు, పేరు తెలీక పడేసుంటారు. పసుపు గల్ల సొక్కా అని నాను సెప్తాను. మీరు ఆ ఒక్క మాట సెప్పండి సాలు."

"నీకు తెలీదే" అన్నారాయన, గొంతు తగ్గించి. "పడవలో పనోళ్లని సొంత పనులకి పంపకూడదని రాసుంటాది. ఇప్పుడు ఎల్లి నానే పంపినానంటే కేసు నా మీదకొస్తాది. మేనల్లుడి జామీను మీద ఎల్లిన వీసా అది. ఇక్కడ మాత్రం తక్కువేటి, ఈ మిలిటరీ రోజుల్లో ఏ కాగితం మీద పేరు పడితే ఎవడొచ్చి తలుపు కొడతాడో నీకు తెల్దా?"

"ఆయన పేరు పారిపోయినోడని పడిపోయింది బాబూ."

"పడితే? నీ మంచికే పడింది." ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది, అదే మరీ అన్యాయం. "పారిపోయాడంటే బతికున్నాడనేగా. నీ బొట్టు నీకుంది. ఆ ముసల్దానికి ఆశుంది. అవి రెండూ నన్ను చెరిపీమంటావా? అలగే అనుకుని బతుకు. నీకేటి కావాలన్నా మా ఇంటికి రా, నాను కాదన్ను. ఇప్పుడు ఆకులెయ్యి. తీర్తం ఇచ్చీసి కూకోబెడదాం."

ఒక్క క్షణం, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ మాట దుర్గకి మెత్తగా తగిలింది. ఎక్కడో ఆకుపచ్చటి తోటలో పసుపు చొక్కా వేసుకుని అతను బతికే ఉన్నాడనుకోవడం ఎంత సులువు. తెల్లామెతోనైనా సరే. అలా అనుకుంటే రేపు పొద్దున బొట్టు పెట్టుకోవచ్చు. అత్తకి ఏమీ చెప్పక్కర్లేదు. కానీ అతను వెళ్లింది "కాదనకు" అని తను చెప్పినందుకు. అంతటి మనిషిని దొంగని చేసి, ఆ దొంగతనం మీద తను బొట్టు పెట్టుకుని తిరగాలి. అది తనవల్ల కాదు.

జెనరేటరు పని చేసింది, దీపాలు వెలిగాయి. హాల్లో వరస కట్టారు. రామలింగం గారు ఒక చెంబు విప్పి, ఉద్ధరిణితో తీర్థం ఇస్తున్నారు. తీర్థమిచ్చేటప్పుడు చెప్పే శ్లోకం ఉంది, అకాలమరణం రాకుండా కాపాడే నీరు ఇది అని. ఆయన అది ఒక్కొక్కరికీ శ్రద్ధగా చెబుతున్నారు. బాబ్జీ తాగి, తడిచెయ్యి నెత్తికి రాసుకుని పక్కకి జరిగాడు. ముసలమ్మ కదా అని నరసమ్మని వరసలో ముందుకి రానిచ్చారు. ఆవిడ ఒక చేతిలో మందుసీసా మూత తీసి పట్టుకుంది.

దుర్గ వచ్చి అత్తకి ముందు నిలబడింది. కుడిచెయ్యి చాపింది.

రామలింగం గారు ఆమెకేసి చూశారు. నూట ఇరవై మంది చూస్తుండగా చాచిన చేతిలో తీర్థం పొయ్యకుండా ఉండలేరు. శ్లోకం చెప్పి మూడుసార్లు పోశారు. నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, రెండు నెలలు చెంబులో ఉన్నా తేటపడలేదు.

ఆమె ఆ నీళ్లు నోటిదాకా తీసుకెళ్లలేదు. అరచెయ్యి కుడిపక్కకి వంచింది. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారి, నున్నటి గచ్చు మీద పడ్డాయి. అలా నీళ్లు వదిలేది చచ్చిపోయినవాళ్లకి. ఆడవాళ్లు వదలరు. శుభకార్యం జరిగే ఇంట్లో ఎవరూ వదలరు. ఆ హాల్లో చిన్నపిల్లలకి తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు.

"సింతాడ ఢిల్లేశ్వరరావుకి" అంది దుర్గ. గొంతు పెంచలేదు. "సీతమ్మగారి సెంబు కోసం షావుకారోల్లు పంపితే ఎల్లి, ఈ నీల్లల్లో పోయినోడికి."

బాబ్జీ నెత్తికి రాసుకున్న చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. వరసలో చాచి ఉన్న చేతులు ఒకటొకటిగా కిందికి దిగాయి. రామలింగం గారి ఉద్ధరిణి చెంబు అంచుకి తగిలి టకటకమంటోంది. సీతాదేవి గోడకి ఆనుకుని నిలబడ్డారు. అదేం కాదు, అబద్ధం అని ఆవిడ అంటే సరిపోయేది. అనలేదు. ఈసారి ఆవిడ ఊరుకోవడం పనికొచ్చింది.

"ఎవలికే?" అంది వెనక నుంచి నరసమ్మ. "ఎవలికి వదిలినావు నీల్లు?"

"నీ కొడుక్కే అత్తా."

ముసలమ్మ ఏడవలేదు. గచ్చు మీది తడికేసి చూసింది. సీసాకి మూత పెట్టబోయింది, మూత జారి దొర్లిపోయింది. ఎవరో తీసి ఇచ్చారు.

ఆ మాటతో అందరూ అన్నం ముట్టకుండా వెళ్లిపోయారని చెప్పగలిగితే బాగుండేది. పదిహేను ఇరవై మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కొంచెంసేపు గుసగుసలాడుకుని, వచ్చినవాళ్లం ఎలాగూ వచ్చాం కదా అని కూర్చున్నారు. రామలింగం గారు గచ్చు తుడిపించి పసుపునీళ్లు చల్లించారు. హేమమాలిని వడ్డించింది. బూరెలు బాగా కుదిరాయని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా.

దుర్గ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపింది. చేతి వెనకతో నుదురు తుడుచుకుంది, చెమట తుడుచుకున్నట్టే. బొట్టు పోయింది. తిరిగి వస్తూ పీట మీదున్న రెండో చెంబు, ఇంకా ఎర్రగుడ్డ విప్పనిది, చేతిలోకి తీసుకుంది. రామలింగం గారు ఏదో అనబోయారు. "పట్టుకెళ్లనీండి" అన్నారు సీతాదేవి. రెండు నెలల్లో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

చిమిండైంగ్ బస్సులో నిలబడ్డానికి కూడా చోటు లేదు. ముసలమ్మని చూసి ఎవరో బర్మా కుర్రది లేచి సీటిచ్చింది. నరసమ్మ చెంబు ఒళ్లో పెట్టుకుంది. దారిలో గుడ్డ ముడి వదులైంది. ఆవిడ చెంబు మూతి మీద అరచెయ్యి బోర్లించింది.

"రేవు కాడ దిగి నదిలో కలిపీమంటావా అత్తా?" అంది దుర్గ. అలా చేస్తారేమోనని అడిగింది. ఇలాంటి చావుకి ఏం చేయాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"వొద్దే" అంది నరసమ్మ. "ఇప్పుడే గదా దొరికినాడు."

బస్సు గోతుల్లో పడి లేచినప్పుడల్లా ఆవిడ చెంబుని పొట్టకి అదుముకుంది. చిమిండైంగ్ వచ్చేదాకా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.